రాగుల మూటకు బెల్టు పెట్టిన మా వియ్యపురాలు

మా వియ్యపురాలు పోయింది. పొద్దున కాఫీ కలుపుకుంటుండగా, తల్లిని చూడ్డానికి కుప్పం వెళ్లిన అల్లుడు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ లేదు" అన్నాడు. అలాంటి మాట విన్నప్పుడు ఏమనాలో ఈ వయసులో నాకు బాగానే తెలుసు. చాలా ఇళ్లలో అని వచ్చినదాన్నే. ఆ పొద్దు మాత్రం నా నోట వచ్చిన మాట వేరే.

"కారు యాడుండాది?" అన్నాను.

అల్లుడు, "షెడ్డులోనే ఉండాది అత్తా. నిద్రలోనే పోయింది" అన్నాడు.

నా ప్రశ్నకు అతను నొచ్చుకోలేదు. ఆమె ఎప్పటికైనా ఆ కారులోనే పోతుందని కుప్పంలో సగం మంది, మా రెండు కుటుంబాల్లో ముప్పాతిక మంది నమ్ముతూ వచ్చాం. అతనూ ఆ ముప్పాతికలో వాడే. మా అందరి అంచనానూ తప్పు చేసి, సొంత మంచం మీద, దుప్పటి సరిగ్గా కప్పుకుని, ఎవరికీ ఒక్క మాట అనే అవకాశం ఇవ్వకుండా వెళ్లిపోయింది. అవకాశాలు ఇవ్వకపోవడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు.

వియ్యపురాలి గురించి నాలుగు మంచి మాటలు రాసే ఆచారం మనలో లేదు. అందులోనూ నేను ఆడపిల్లనిచ్చినదాన్ని. మగపిల్లవాడి తల్లిని నేను మెచ్చుకుంటే, భయానికో మొహమాటానికో రాసిందనుకుంటారు. ఆమె పోయింది కనక ఇక భయం లేదు. మొహమాటం నాకు ఎప్పుడూ లేదని నన్ను ఎరిగిన పాఠకులకు తెలుసు.

ఆ కారు తెల్ల అంబాసిడర్. పట్టుగూళ్ల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో ఆమె భర్త కొన్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమె వెనక సీట్లో, కిటికీ పక్కన, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చునేది. ఆయన పోయాక కొడుకు, అంటే మా అల్లుడు, బండి అమ్మేద్దామన్నాడు. కొనేవాళ్లు వచ్చారు. ఆమె వాళ్లకు కాఫీ ఇచ్చింది, పలహారం పెట్టింది, ఊరూ పేరూ పిల్లల చదువులూ అన్నీ అడిగింది. తాళం చెవి మాత్రం ఇవ్వలేదు. "ఇంగేమన్నా అడగండప్పా, పెడతాను. బండి మాత్రం అడగొద్దండి" అని సాగనంపింది. ఆ వారంలోనే డ్రైవింగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై దాటింది. నేర్పినవాడు ఆ తరవాత కొన్నాళ్లు గుళ్లూ గోపురాలూ తిరిగాడని విన్నాను. అబద్ధమైనా కావచ్చు.

నేర్చుకున్నాక మాత్రం బాగా తోలేది. చీర కుచ్చిళ్లు కాస్త ఎగదోపి, వీపు వెనక దిండు పెట్టుకుని, స్టీరింగును రెండు చేతులా, రోటి పొత్రం పట్టుకున్నట్టు పట్టుకునేది. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టేది. అవతల కాకి కూడా లేని మలుపులో ఎందుకు వదినా అంటే, "ఉండాదో లేదో కొట్టినాకే గదా తెలిసేది" అనేది. భయం లేదా అని అడిగితే చెప్పే మాట ఒకటుంది. "నాకు జాగర్త ఉండాది వదినా. అది ఉంటే భయానికి జాగా సాలదు."

మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కతే మనవరాలు. మా కూతురు, అల్లుడు బెంగళూరులో ఉంటారు. పాపకు ఆమె కుప్పం అవ్వ, నేను మదనపల్లె అవ్వ. వేసవి సెలవుల్లో సగం అక్కడ, సగం ఇక్కడ. ఎవరి సగం ఎక్కడ ముగిసి ఎవరిది ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద మాకు జరిగిన చర్చలతో పోలిస్తే రాష్ట్రాల జల వివాదాలు నయం. పాపను కుప్పం నుంచి మదనపల్లెకు తెచ్చేది ఎప్పుడూ కూతురో అల్లుడో, వాళ్ల కారులో. ఒక ఏడాది మా ఇంట్లో భోజనాలు చేస్తుండగా వియ్యపురాలు, "ఈతూరి పాపను నేనే తోలుకొస్తా, మన బండిలో" అంది.

మా కూతురు అన్నం కలుపుతూనే, తల ఎత్తకుండా చెప్పింది. "వద్దత్తా. ఆ బండికి వెనక బెల్టులు లేవు. బెల్టు లేని బండిలో పాప ఎక్కదు."

"మేమందరమూ ఎక్కినాం గదమ్మా."

"మీ అదృష్టం. నా దగ్గరికి వచ్చేదంతా అదృష్టం లేనోళ్లే."

మా కూతురు బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. పొద్దస్తమానం విరిగిన వెన్నులకు లేచి కూర్చోవడం నేర్పే మనిషి. ఆ మాట నిజమే. కానీ అలాంటి నిజాన్ని కోడలు పంక్తిలో అందరి ముందూ అంటే మగపిల్లవాడి తల్లి ఏం చేయాలో మన ఆచారంలో స్పష్టంగా ఉంది. చేయి కడుక్కుని లేవాలి. నేను ఆమె చేతి వైపే చూస్తున్నాను. ఆమె మజ్జిగ అడిగింది. ఇంకొంచెం అన్నం పెట్టించుకుంది. ఊరగాయ బాగుందంది. సాయంత్రం తన బండి తనే తోలుకుంటూ వెళ్లిపోయింది.

తరవాత రెండు రోజులు ఫోన్ లేదు. అంటే యుద్ధం మొదలైందన్నమాట అనుకున్నాను. మూడో రోజు ఫోన్ చేసింది.

"వదినా, మీ కూతురు సెప్పింది రైటే."

"మా కూతురంటారేంటి? పెండ్లయినప్పటి నుంచీ మీ కోడలు."

"సెప్పిన మాట మా కోడలిది. సెప్పిన తీరు మీ కూతురిది. తీరు సంగతి తరవాత సూసుకుందాం గానీ, పాత బండికి ఎనక బెల్టులు యాడ వేస్తారో కనుక్కోండి."

కొడుకు కొత్త కారు కొనిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "కొత్త బండిలో పాపను ఎవురైనా తోలుకొస్తారు. ఈ బండిలో నేనొక్కదాన్నే" అంది. అప్పటికి నాకు అది వట్టి మొండితనంగానే కనిపించింది.

కుప్పంలో ఆమె ఎప్పుడూ బండి చూపించే మెకానిక్కు నవ్వాడట. "ఈ బండికి బెల్టేలమ్మా? ఇది ఇనప్పెట్టె. గుద్దినా ఎదుటోడికే నష్టం" అన్నాడట. "పెట్టెకేం గాదప్పా. లోపలుండే గాజులు ఏమైతాయి?" అని అడిగి, బండి తీసుకుని వచ్చేసింది.

మా ఊళ్లో కారు వెనక సీటుకు ఏ అవసరం వచ్చినా అందరూ వెళ్లేది సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గరికే. మేమూ అక్కడికే వెళ్లాం. ఆయన ఆ పనిలో కళాకారుడు. బెల్టు పట్టీలు తెప్పించి, సీటు కవరు రంగుకు సరిపోయే ముదురెరుపు అంచు వేసి, సీటుకే గట్టిగా, రెండు మూడు వరసలు కుట్టి ఇచ్చాడు. చూడముచ్చటగా ఉంది. ఆమె మురిసిపోయింది. మా ఇంటి ముందు కారు ఆపితే ఇరుగుపొరుగు వచ్చి ఒక్కొక్కరూ కూర్చుని బెల్టు పెట్టుకుని చూసుకున్నారు. ఎదురింటావిడ అయితే దిగడానికి మనసు రాక కాసేపు అందులోనే కూర్చుని కూరగాయల ధరలు మాట్లాడింది.

ఇక పాపను ఎక్కించడమే తరువాయి అని నేననుకున్నాను. వియ్యపురాలు అనుకోలేదు.

"మీ ఇంట్లో రాగులు ఎన్నుండాయి వదినా?" అంది.

"సంగటికా?"

"కాదు. పాప బరువుకు ఒక మూట కట్టండి. ఎనక కూసోబెట్టి బ్రేకు కొట్టి సూస్తా."

"మూట ఎందుకు, నేను కూర్చుంటాను లెండి."

నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "మీరొద్దు. పాప బరువు కావాల. మీతో సూస్తే బెల్టుకు లేనిపోని కష్టం."

పుంగనూరు రోడ్డులో ఊరు దాటాక, ముందూ వెనకా బండ్లు లేని చోటు చూసుకున్నాం. ముందు సీట్లకు బండితో పాటు వచ్చిన బెల్టులు ఉన్నాయి, అవి మేమిద్దరం పెట్టుకున్నాం. వెనక సీట్లో రాగుల మూట, ముదురెరుపు బెల్టు పెట్టుకుని, పెండ్లిచూపులకు వచ్చిన పిల్లలా కూర్చుంది. ఆమె అద్దంలో చూసింది, పక్కకు చూసింది, వేగం పెంచింది, ఒక్కసారిగా బ్రేకు తొక్కింది.

మూట బెల్టును వదల్లేదు. బెల్టు సీటును వదల్లేదు. సీటే కారును వదిలేసింది. ఆ బండ్లలో వెనక సీటు మెత్తను ఊరికే అలా కూర్చోబెడతారు, దేనికీ బిగించరు. ఆ సంగతి మాకు వీపులకు తగిలాకే తెలిసింది. మెత్త, మూట రెండూ కలిసి వచ్చి మా సీటు వెనక గుద్దుకున్నాయి. మూట పగిలి రాగులు మా నెత్తిన పడ్డాయి. అద్దం దగ్గరి దేవుడి పటం మీద పడ్డాయి. నా జాకెట్టులో పడ్డవి మూడు రోజుల దాకా దొరుకుతూనే ఉన్నాయి.

కారు పక్కకు తీసి ఆపింది. జుట్టులో రాగులతో, స్టీరింగు పట్టుకునే కూర్చుంది. తరవాత అంది, "ఆ బెల్టు మనిషిని సీటుకు కడతాంది వదినా. సీటును ఎవురు కడతారు?"

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను. అద్దంలో, ఖాళీ అయిన వెనక చోటునే చూస్తోంది.

"రాగులు గాబట్టి సరిపాయ" అంది.

రాగులను అలా వదిలి పోయే మనుషులం కాదు ఇద్దరమూ. తలుపులన్నీ తెరిచి, ఒక చింత చెట్టు నీడన బండి పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. దారిన పోయే బస్సుల్లోంచి జనం తలలు బయట పెట్టి చూశారు. ఇద్దరు పెద్దావిడలు రోడ్డు పక్కన కారును చాటలా చెరుగుతుంటే ఎవరైనా చూస్తారు. ఆ ఏరడంలోనే ఆమె, తల ఎత్తకుండా, మనసులో మాట చెప్పింది.

"నువ్వేమనుకోవద్దు వదినా. బెల్టు లేదంటే బెల్టు ఏసుకుంటా. రేపు ముసిలిది తోల్తే పాప ఎక్కదంటే? యాడికి పోయి ఏం ఏసుకోవాల?"

అప్పుడు అర్థమైంది నాకు. మా కూతురు వద్దన్నది కారును. ఆమె విన్నది తన గురించి. బెల్టు ఒక్కటీ సరిగ్గా కుదిరితే, అనని ఆ రెండో మాట పుట్టకుండా పోతుందని ఆమె ఆశ. మొగుడు పోయాక తన చేత్తో నేర్చుకున్న ఒక్క విద్యను మనవరాలు చూడాలి, ఆ విద్య మీద నమ్మకంతో కోడలు తన బిడ్డను వెనక కూర్చోబెట్టాలి. కొత్త కారు కొనిస్తే తీరేది కాదు అది.

ఆ పూట దాకా మేము ఒకరినొకరం మీరు అనుకునేవాళ్లం. రాగులు ఏరడం అయ్యేసరికి ఇద్దరమూ నువ్వులోకి వచ్చేశాం. ఎవరు ముందు మొదలుపెట్టారని తరవాత అడిగితే నేనేనని ఆమె వాదించేది. ఆమేనని మీరు పైన చదివారు.

సీటు కవర్లాయన బాధపడ్డాడు గానీ నిజాయితీగా చెప్పాడు. తనకు గుడ్డ సంగతి తెలుసు, ఇనుము సంగతి తెలియదన్నాడు. పుంగనూరులో లారీ బాడీలు కట్టే మనిషి ఉన్నాడని పంపించాడు. ఆ మనిషి నిలువెత్తు మనిషి, గొంతు అంతకన్నా ఎత్తు. కారు చూసి మొదట తోసిపారేశాడు.

"నాకొద్దమ్మా ఈ పని. రేపు ఏమన్నా అయితే నా పేరు సెప్తారు."

"రేపు ఏమన్నా అయితే సెప్పేదానికి నేనుండాల గదప్పా" అంది ఆమె. "నేనుండేట్టు ఎయ్యి. ఊరంతా నీ పేరే సెప్తా."

ఒప్పుకున్నాడు. మెత్త తీసి కింద చాప ఎత్తితే నేల తుప్పు పట్టి ఉంది. ఒకచోట చిల్లులోంచి కింద మట్టి కనిపించింది. ఆమె వంగి చూసి, "నేను కారులో తిరిగినాననుకున్న్యా. ఇన్నేండ్లూ రోడ్డు మీదే కూసున్న్యానన్నమాట" అంది. ముందు ఆ నేలకు కొత్త రేకు అతకాల్సి వచ్చింది. బెల్టుల దగ్గర మళ్లీ వాదన. గుద్దుకుని మూలపడిన కార్లలోంచి బెల్టులు తెచ్చి వేస్తానని ఆయన, వద్దని ఈమె.

"బెల్టులు బాగుండాయమ్మా. చెక్కు చెదర్లేదు."

"అవి ఒకసారి పని జేసినాయి గదప్పా. వాటికి రిటైర్మెంటు ఇయ్యి."

చివరికి కొత్త బెల్టులు బెంగళూరు నుంచి అల్లుడే తెచ్చాడు. అరచేయంత వెడల్పున్న మందపాటి ఇనప బిళ్లలు కారు నేలకు అడుగున వేసి, వాటి గుండా బోల్టులు బిగించారు. భుజం మీదుగా వచ్చే పట్టీ కోసం వెనక కిటికీ పక్క ఉండే స్తంభం లోపల కూడా బిళ్ల వేసి అతికారు. మెత్తను కూడా నేలకు బిగించారు. రెండు రోజుల పని అన్నాడాయన. లారీ బాడీలు కట్టేవాళ్ల రెండు రోజులు దాదాపు నెల నడిచాయి. ఆ నెలంతా ఆమె కుప్పం నుంచి బస్సులో వచ్చి, షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను మదనపల్లె నుంచి అన్నం తీసుకెళ్లేదాన్ని. అంటే మధ్యదారిలో ఉన్న పుంగనూరులో, వెల్డింగు మెరుపుల మధ్య, వీపులు అటు తిప్పుకుని, ఇద్దరు వియ్యపురాండ్రం వంకాయ కూరతో అన్నాలు తినేవాళ్లం. పెండ్లిలో కూడా మాకు అంత తీరిగ్గా మాట్లాడుకునే వీలు దొరకలేదు.

"ఇంటికి పోండమ్మా, నేను జేస్తాను గదా" అని విసుక్కునేవాడు ఆయన.

"నేను పోతే నువ్వూ పోతావప్పా" అనేది ఆమె, కదలకుండా.

పని అయ్యాక మళ్లీ రాగుల మూట. ఈసారి రెండు గోతాల్లో వేసి కట్టాను, నాకూ బుద్ధి వచ్చింది. ఆయన రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఆమె బ్రేకు తొక్కింది. మేమిద్దరం ముందుకు ఊగి వెనక్కి వచ్చాం. మూట కొంచెం వంగి, మళ్లీ తన చోట తాను కూర్చుంది. ఆమె వెనక్కి తిరిగి మూటను చూసిన చూపు నేను మరిచిపోలేను. బడిలో పద్యం తప్పుల్లేకుండా చెప్పిన పిల్లను చూసినట్టు చూసింది.

"ఇప్పుడు వచ్చిందా అమ్మా నమ్మకం?" అని కేకేశాడు ఆయన.

"నీ మీద ముందే ఉండాదప్పా. ఇప్పుడు బోల్టు మీద వచ్చింది."

ఇక మిగిలింది మా కూతురు. వేసవి సెలవులకు అల్లుడితో, పాపతో కుప్పం వచ్చింది. నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండగలనా? అమ్మాయి వస్తూనే సంచీ కూడా దించకుండా షెడ్డులోకి పోయి, ఒక్కో బెల్టునూ రెండు చేతులా గుంజి చూసింది. కారు కిందికి వంగి ఫోను లైటు వేసి బిళ్లలు చూసింది. పాప ఎత్తుకు సరిపడా కింద వేసే చిన్న సీటు తనే తెచ్చింది, దాన్ని పెట్టి బెల్టు లాగి చూసింది. వియ్యపురాలు తలుపు దగ్గర నిలబడి కొంగు అంచు మడుస్తూ విప్పుతూ ఉంది. లారీ బాడీలాయనను నెలరోజులు కుర్చీలోంచి కదలకుండా ఏలిన మనిషి ఆ పూట పరీక్ష ఫలితాల గోడ ముందు నిలబడినట్టు ఉంది. ఆమె చేతి సంచీలో కళ్ల డాక్టరు ఇచ్చిన కాగితం కూడా ఉందని నాకు తెలుసు. అడిగితే చూపించాలని తెచ్చుకుంది.

మా అమ్మాయి ఆ కాగితం అడగలేదు. ముందు తలుపు తెరిచి, పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుంది. "పదండత్తా, ఒక రౌండు పోయొద్దాం" అంది.

వెళ్లారు. గంట దాటింది. నేను, అల్లుడు, పాప వసారాలో కూర్చున్నాం. అల్లుడు పేపరు తిరగేసి పట్టుకున్నాడు, నేను చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ లేదు. మా అమ్మాయి చేతిలో మురుకుల పొట్లం ఉంది. పాపను పిలిచి, "రేపు అవ్వ బండిలో పో. వెనక కూసో, అల్లరి చేయద్దు" అంది. అంతే. వియ్యపురాలు వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ పూట వంట ఏమీ లేదు.

దారిలో ఏం జరిగిందని తరవాత మా అమ్మాయిని అడిగాను. "ఏం లేదమ్మా. వెనక ఒక లారీ ఒకటే హారన్ కొడతాంది. అత్త ఏమీ అనకుండా పక్కకు తీసి దారిచ్చేసింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. అప్పుడే అనుకున్న్యా" అంది.

ఆ తరవాత ఆ కారులో మేము తిరగని దారి లేదు. గుర్రంకొండ వైపు ఒక పెండ్లికి, కలకడలో ఒక గృహప్రవేశానికి, పనేమీ లేకపోయినా తంబళ్లపల్లె దాకా ఒకసారి. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకున్న చప్పుడు వినిపిస్తేనే తాళం తిప్పేది. గంజి పెట్టిన చీర నలిగిపోతుందని నేను గొణిగితే, "చీర ఇస్త్రీకి పోతాది వదినా. నిన్ను యాడికి పంపేది?" అనేది. ఒకసారి మా ఇంటి నుంచి పనసకాయ ఇచ్చాను. దాన్ని నా పక్కన కూర్చోబెట్టి దానికీ బెల్టు పెట్టింది.

"దానికేం తెలుసు, ప్రాణముందా?" అన్నాను.

"దానికి లేదు. దాని ముందర కూసున్న నాకుండాది" అంది.

కోడలికి మాట తీరు నేర్పిస్తానన్న పని మాత్రం ఆమె వల్ల కాలేదు. పైగా ఏడాది తిరిగేసరికి ఆమే మా అమ్మాయిలా మాట్లాడడం మొదలుపెట్టింది. ఊళ్లో ఎవరైనా పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కారు ముందు సీట్లో కూర్చుంటే, బండి ఆపించి మరీ, "మా కోడలు సూస్తే ఏమంటాదో తెలుసునా?" అని మొదలుపెట్టేది. ఏమంటుందో పూర్తిగా చెప్పి గానీ వదిలేది కాదు.

దినాల రోజున చుట్టాలను రైలు దగ్గర దించడానికి అల్లుడు ఆ కారే తీశాడు. వెనక ఎక్కిన ఒక పెద్దాయనకు పాప బెల్టు అందించింది. ఇప్పుడు తను పొడుగైంది, కింద చిన్న సీటు అక్కర్లేదు.

"ఇంగా యాలమ్మా ఇవన్నీ? మీ అవ్వ లేదు గదా" అన్నాడాయన.

"అవ్వ లేదు తాతా. మీరుండారు గదా" అంది పాప.

ఆయన పెట్టుకున్నాడు. ఆ తీరు మా అమ్మాయిది. ఆ మాట ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

మొదటి ప్రయాణం సంగతి ఇంతవరకూ రాయలేదు. అది ఆఖరికి రాయాలనిపించింది.

మా అమ్మాయి ఒప్పుకున్న మర్నాడు కుప్పంలో మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. ముందు ఆమె ఒక్కతే. వెనక పాప, పక్కన నేను. పాప పలమనేరు దాకా నోరు మూయలేదు. ఆ గేరు ఏంటి, ఈ మీట ఏంటి, అవ్వా నీకు ఎవరు నేర్పించినారు అంటూ. ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా ఒక్కో దానికీ జవాబు చెప్పింది. పలమనేరు దాటాక పాప మాటలు సన్నగిల్లి, తల పక్కకు వాలి నిద్రపోయింది. ఎండ వాలుతోంది. రెండు పక్కలా వేరుశనగ చేలు. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా పోతున్నాం.

ఉన్నట్టుండి కారు పక్కకు తీసి ఆపేసింది. ఇంజను కూడా కట్టేసింది.

"ఏమైంది వదినా? నీళ్లు కావాల్నా?" అన్నాను.

తన బెల్టు విప్పుకుంది. మోకాలు సీటు మీద పెట్టి, మొత్తంగా వెనక్కి తిరిగి, సీటు మీద మోచేయి ఆనించి పాపను చూస్తూ ఉండిపోయింది.

"అద్దంలో సిన్నదిగా అగపడతాంది" అంది కాసేపటికి. "ఒక్కసారి సరిగ్గా సూద్దామని."

లారీ ఒకటి పక్క నుంచి పోయింది. గాలికి కారు కొంచెం ఊగింది. పాప లేవలేదు. తల వాలడంతో బెల్టు పట్టీ మెడ దగ్గరికి జరిగింది. ఆమె ముందుకు వంగి, చూపుడు వేలు పట్టీ కిందకు పోనిచ్చి, దాన్ని మెల్లగా భుజం మీదికి జరిపింది. జరిపాక కూడా వేలు తియ్యలేదు. పట్టీకీ పిల్ల భుజానికీ మధ్య ఆ వేలు అలాగే ఉండిపోయింది, చేల మీద ఎండ పూర్తిగా దిగిపోయేదాకా.